మెడ సిర చూడడంలో ఏ పద్ధతి ఎప్పుడు: హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ మంచం దగ్గర ఎంపికలు

కాళ్లు వాచి, ఆయాసంతో వచ్చిన మనిషి కేసుషీటులో "జేవీపీ నార్మల్" అన్న రెండు మాటలు చాలా తేలిగ్గా పడిపోతాయి. జేవీపీ అంటే మెడలోని జుగులార్ సిరలో రక్తం ఎంత మట్టం దాకా ఎక్కిందో చూసి వేసే ఒత్తిడి అంచనా. వాటి వెనక మూడు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. సిరను చూశారు, మట్టం పెరగలేదు. సిర కోసం వెతికారు, దొరకలేదు. లేదా మెడ వైపు చూడనే లేదు. మూడింటికీ ఒకే మాట రాస్తే, మర్నాడు రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ ఫ్యూరోసిమైడ్ (ఒంట్లో నీరు లాగే మందు) పెంచాలా తగ్గించాలా అన్నది తప్పుడు ఆధారం మీద తేల్చుకుంటాడు. ఏ సిర చూడాలి, ఎంత వాలులో చూడాలి, ఎలా కొలవాలి, కనబడకపోతే దేనికి వెళ్లాలి అన్న ఎంపికలన్నీ ఈ పొరపాటును తప్పించడానికే. కనబడకపోవడం వేరు, పెరగకపోవడం వేరు.

కింది పోలిక కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో పీహెచ్‌సీల్లో, ఏరియా ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ వార్డుల్లో పనిచేసే హౌస్‌సర్జన్లనూ డ్యూటీ డాక్టర్లనూ స్టాఫ్ నర్సులనూ దృష్టిలో పెట్టుకుని రాసింది. ఎకో మిషన్ పక్క గదిలోనే ఉన్నచోట మెడ చూడడం కాస్త ఆలస్యమైనా నడుస్తుందేమో. జిల్లా కేంద్రానికి గంటన్నర దారి ఉన్న మండలంలో, అర్ధరాత్రి ఆయాసంతో వచ్చిన మనిషిని అప్పుడే 108 ఎక్కించాలా అని ఆలోచించేటప్పుడు, మెడ చెప్పేది చాలా విలువైన మాట.

ఏ సిర: ఇంటర్నలా, ఎక్స్‌టర్నలా

మెడలో ప్రతి పక్కా రెండు జుగులార్ సిరలు: లోతున ఇంటర్నల్, చర్మం కిందే ఎక్స్‌టర్నల్. మొదటి ఎంపిక కుడివైపు ఇంటర్నల్ జుగులార్. దానికి కారణం దారి. కుడి ఇంటర్నల్ జుగులార్ నుంచి సుపీరియర్ వీనా కావా (పైభాగం రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర) మీదుగా కుడి కర్ణిక (గుండె కుడి పై గది) దాకా దాదాపు ఒకే నిలువు గీత. కర్ణికలో ఒత్తిడి పెరిగితే ఆ మేరకు రక్తం మెడలో పైకి లేస్తుంది, మానోమీటర్ గొట్టంలో నీళ్లు లేచినట్టు. ఎడమవైపు సిరకు ఈ సౌకర్యం లేదు. అది బృహద్ధమని కొమ్మల ముందుగా అడ్డంగా దాటి రావాలి. ఏళ్ల తరబడి బీపీ ఉన్న పెద్దవాళ్లలో ధమని సాగి దాన్ని నొక్కుతుంది. గొంతు దగ్గర గాయిటర్ (థైరాయిడ్ వాపు) ఉన్నా అంతే. ఎడమ మాత్రమే ఉబ్బి, కుడి మామూలుగా ఉంటే కుడినే నమ్మండి.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇంటర్నల్ జుగులార్ కోసం నీలం గీత వెతుకుతారు. అది ఎప్పటికీ కనబడదు. సిర స్టెర్నోమాస్టాయిడ్ కండరం కింద ఉంటుంది. మనకు కనబడేది చర్మం మీద ఆ సిర లేపే కదలిక మాత్రమే. కాలర్ ఎముక దగ్గర ఆ కండరం రెండు పాయలుగా చీలిన చిన్న త్రికోణం నుంచి చెవి తమ్మె వైపు ఒక ఊహా గీత గీయండి. ఆ గీత పొడుగునా చర్మం మెల్లగా లోపలికి పడి లేస్తుంటుంది. సెల్‌ఫోన్ టార్చి మెడకు ఎదురుగా కాకుండా పక్కనుంచి, చర్మాన్ని రాసుకుంటూ పోయేట్టు పట్టుకోండి. నీడ కదులుతుంది. చర్మం రంగు ఎంత ముదురుగా ఉన్నా నీడకు అడ్డం రాదు.

ఎక్స్‌టర్నల్ జుగులార్ కండరం మీదుగా ఏటవాలుగా వెళుతుంది, చర్మం కిందే ఉంటుంది కాబట్టి ఇట్టే కనబడుతుంది. దాని మీద పాత ఫిర్యాదులు ఉన్నాయి. లోపల కవాటాలు ఉంటాయి. కాలర్ ఎముక పైన లోతైన పొరను చీల్చుకుని వెళ్లేచోట మడత పడొచ్చు. షాక్‌లో సిర బిగుసుకుని, ఒత్తిడి ఎక్కువున్నా సన్నగా కనబడొచ్చు. ఇవన్నీ నిజమే. అలాగని దాన్ని పూర్తిగా పక్కన పెట్టమనడం కూడా అన్యాయం. రెండు నిమిషాలు ఇంటర్నల్ కోసం వెతికి దొరకక "నార్మల్" అని రాసేదానికంటే, ఎక్స్‌టర్నల్‌ను పరీక్షించి చూడడం వెయ్యి రెట్లు మేలు.

పరీక్ష ఇలా. దవడ కింద సిర పైభాగాన్ని ఒక వేలితో నొక్కి పట్టండి. ఇంకో వేలితో సిరను పైనుంచి కాలర్ ఎముక దాకా దిగతుడిచి ఖాళీ చెయ్యండి. ఇప్పుడు కింది వేలు మాత్రమే తీయండి. ఖాళీ అయిన సిర కిందినుంచి పైకి నిండుకుంటూ వస్తే, అది కర్ణిక ఒత్తిడే. ఎక్కడిదాకా నిండిందో అదే మట్టం. కింది వేలు తీసినా సిర ఖాళీగానే ఉండి, పై వేలు తీశాక మాత్రమే పైనుంచి నిండి, వెంటనే కిందికి జారిపోతే ఒత్తిడి పెరగలేదు. పైనుంచి నిండి అక్కడే తాడులా ఉబ్బి నిలిచిపోయి, ఊపిరితో ఏమాత్రం మారకపోతే, మడతో కవాటమో అడ్డం పడింది. ఆ సిరను లెక్కలోకి తీసుకోవద్దు.

ఇక మెడ ధమని కెరోటిడ్‌తో తికమక. గబగబా చూసేవాళ్లను ఎక్కువగా మోసం చేసేది ఇదే. కెరోటిడ్ ఒక్కసారే, బయటికి తన్నుతుంది. వేలు పెడితే తగులుతుంది. జుగులార్ మామూలు లయలో ఒక గుండె చప్పుడుకు రెండుసార్లు లేస్తుంది, కొట్టొచ్చినట్టు కనబడేది లోపలికి పడడం. వేలికి తగలదు. కాలర్ ఎముక పైన వేలితో మెత్తగా నొక్కితే ఆగిపోతుంది, కెరోటిడ్ ఆగదు. మనిషిని కొంచెం లేపితే జుగులార్ మట్టం దిగుతుంది, పడుకోబెడితే ఎక్కుతుంది. కెరోటిడ్‌కు పడక మార్పుతో పనిలేదు. ఒక్క గుర్తును బట్టి తేల్చొద్దు, కనీసం రెండు కలవాలి. కుడి కర్ణికకూ కుడి జఠరికకూ మధ్య ఉన్న ట్రైకస్పిడ్ కవాటం బాగా లీకవుతున్నప్పుడు జుగులార్ కూడా బయటికి ఒకే పెద్ద అలగా తన్నుతుంది, అప్పుడు నొక్కి ఆపడం, పడక మార్చడం అన్న రెండే కాపాడతాయి.

వాలు: పడుకోబెట్టి, 45 డిగ్రీల్లో, కూర్చోబెట్టి

పుస్తకాలు 45 డిగ్రీలు అంటాయి. మన ఓపీ గదుల్లో ఉండేది చాలావరకు లేవని, వంగని బల్ల. ఇంటికి వెళితే నులక మంచం. అందుకే మూడు భంగిమల్లో ఏది దేనికి పనికొస్తుందో తెలిసి ఉండాలి.

సమయం లేనప్పుడు, ఆయాసంతో వెనక్కి వాలలేని మనిషి ముందున్నప్పుడు, కూర్చోబెట్టి చూడడమే ఉత్తమం. నిటారుగా కూర్చున్న మనిషికి కాలర్ ఎముక పైన సిర కదలిక కనబడిందంటే కర్ణికలో ఒత్తిడి కనీసం 10 సెంటీమీటర్ల నీటిమట్టం అంత ఉన్నట్టు. అది పెరిగినట్టే, ఇంక స్కేలు తీయనక్కర్లేదు. ఈ పద్ధతి బలం అదే: కనబడితే ఖాయంగా చెబుతుంది. బలహీనతా అదే: కనబడకపోతే ఏమీ చెప్పదు, ఒక మోస్తరు పెరుగుదల కాలర్ ఎముక వెనకే దాగిపోతుంది.

45 డిగ్రీలు కొలిచి రాయడానికి, రోజూ పోల్చుకోవడానికి. మంచం తల లేవకపోతే ప్లాస్టిక్ కుర్చీని తలకిందులుగా బోర్లించి, దాని వీపుకు దుప్పటి చుట్టి, మనిషిని దాని మీద వాల్చండి. వాలుపలక పొడవు 60 సెంటీమీటర్లనుకుంటే, దాని పైకొన మంచం మట్టం నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 30 డిగ్రీలు, 42 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 45. ఫోన్‌లో వాలు చూపే యాప్ ఉంటే రొమ్ము ఎముక మీద ఆనించి చూడండి, పలక మీద కాదు. చాలామంది మంచం 45 డిగ్రీలకు లేపి, మనిషి కిందికి జారిపోయి 25 డిగ్రీల్లో వంకరగా ఉండగా చూస్తారు.

దిండు తల కింద మాత్రమే ఉండాలి, భుజాల కిందకు రాకూడదు. గడ్డం కాస్త పైకి, ముఖం కొద్దిగా ఎడమకు. మెడ మరీ తిప్పితే స్టెర్నోమాస్టాయిడ్ బిగుసుకుని సిరను దాచేస్తుంది. కాలర్ గుండీ, పమిట, తాళిబొట్టు, నల్లపూసలు కాలర్ ఎముకకు పైన ఉన్న ఆ రెండంగుళాలనే కప్పుతాయి. అడిగి, నర్సమ్మను పక్కన ఉంచుకుని, మెల్లగా పక్కకు జరపండి. "అవ్వా, మెడ వదులుగా పెట్టు, నోరు తెరిచి మామూలుగా గాలి పీల్చు, దమ్ము పట్టొద్దు" అని చెబితే చాలు. ఊపిరి బిగబడితే మట్టం దానంతటదే ఎక్కుతుంది.

చదునుగా పడుకోబెట్టి చూడాల్సింది ఒత్తిడి తగ్గిందన్న అనుమానం ఉన్నప్పుడు. ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీళ్లు తక్కువ తాగి, ఫ్యూరోసిమైడ్ మాత్రం మానకుండా వేసుకునే పేషెంట్లు లేస్తే కళ్లు తిరుగుతున్నాయని వస్తారు. 45 డిగ్రీల్లో మెడ ఖాళీగా ఉంటుంది. అది మామూలా, తక్కువా? చదునుగా పడుకోబెట్టాక మెడ కింది భాగంలో సిర నిండి కనబడితే మామూలే. చదునుగా పడుకున్నా సిర ఖాళీగానే ఉంటే రక్తపు పరిమాణం తగ్గిందనుకోవాలి. నిలబెట్టి బీపీ, క్రియాటినిన్ చూసి మందుల గురించి మళ్లీ ఆలోచించాలి. 45 డిగ్రీల దగ్గరే ఆగిపోయినవాళ్లకు ఈ తేడా దొరకదు.

దీనికి ఎదురు కొసన ఇంకో ఉచ్చు ఉంది. ఒత్తిడి బాగా పెరిగినప్పుడు 45 డిగ్రీల్లో సిర దవడ దాటి, పుర్రె అడుగు దాకా నిండిపోతుంది. అల కొన మెడలో ఉండదు కాబట్టి కదలిక కనబడదు. మెడ నిండుగా, నిశ్చలంగా ఉంటుంది. "జేవీపీ కనబడలేదు, నార్మల్" అన్న తప్పు అన్నింటికంటే ఎక్కువగా, అన్నింటికంటే జబ్బుపడ్డ మనిషి దగ్గర జరిగేది ఇలాగే. చెవి తమ్మెలు గుండెతో పాటు కదులుతున్నాయా చూడండి. తర్వాత మనిషిని 60 డిగ్రీలకు, అక్కడినుంచి 90కి లేపండి. అల కొన మెడలోకి దిగివస్తుంది. 90 డిగ్రీల్లో కూడా దిగకుండా, ఊపిరితో మారకుండా, అసలు కొట్టుకోకుండా రెండు వైపులా సిరలు ఉబ్బి ఉంటే గుండె సంగతి పక్కన పెట్టి సుపీరియర్ వీనా కావాకు ఎక్కడైనా అడ్డం పడిందేమో అనుకోండి. ఛాతీ మీద సిరలు తేలాయా, ముఖం ఉబ్బిందా చూడండి.

కొలత: 5 కలపాలా వద్దా

1930లో సర్ థామస్ లూయిస్ స్టెర్నల్ యాంగిల్‌ను కొలతకు ఆధారంగా పెట్టుకోమన్నాడు. గొంతు గుంట నుంచి వేలు కిందికి జరిపితే సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో రొమ్ము ఎముక మీద అడ్డంగా తగిలే గట్టు అది, రెండో పక్కటెముక అక్కడే కలుస్తుంది. ఏ వాలులోనైనా కర్ణిక మధ్యభాగం ఆ గట్టుకు 5 సెంటీమీటర్ల కిందే ఉంటుందని, మెడలో చూసిన ఎత్తుకు 5 కలిపితే కర్ణిక ఒత్తిడి వస్తుందని తర్వాత వాడుక ఏర్పడింది.

ఈ లెక్క చదునుగా పడుకున్నప్పుడే సరిపోతుంది. సీటీ స్కాన్లతో కొలిచి చూస్తే, 30 డిగ్రీల్లో ఆ దూరం సుమారు 8 సెంటీమీటర్లు, 45 డిగ్రీల్లో 10కి దగ్గర. గట్టుకు పైన 7 సెంటీమీటర్లు చూశారనుకోండి. 5 కలిపితే 12 సెంటీమీటర్ల నీరు, అంటే 9 మిల్లీమీటర్ల పాదరసం లోపే. 10 కలిపితే 17, అంటే 12కు పైనే. ఒక మిల్లీమీటర్ పాదరసానికి 1.36 సెంటీమీటర్ల నీరు. ఒకే మెడ, రెండు లెక్కలు, రెండు వేర్వేరు నిర్ణయాలు. మంచం దగ్గర వేసిన అంచనా, ఒత్తిడి ఎక్కువున్న పేషెంట్లలో, కాథెటర్‌తో కొలిచిన దానికంటే తక్కువ రావడానికి ఇదో ముఖ్యమైన కారణం.

అందుకని మా సలహా ఒకటే. ఏమీ కలపకండి. "45 డిగ్రీల్లో గట్టుకు పైన ఇన్ని సెంటీమీటర్లు" అని వాలుతో సహా రాయండి. 3 దాటితే పెరిగినట్టు. కొన్ని పుస్తకాలు 4 అంటాయి, ఆ ఒక్క సెంటీమీటర్ కోసం వాదించుకోవద్దు. 3కీ 4కీ మధ్య ఉన్నప్పుడు పొట్ట నొక్కే పరీక్షకు వెళ్లండి. ముఖ్యం ఏమిటంటే రోజూ ఒకే వాలు. నిన్న 30లో చూసి, ఈరోజు 60లో చూసి "2 సెంటీమీటర్లు తగ్గింది" అనడం పేషెంట్‌కు నష్టం.

రెండు స్కేళ్లు చాలు. 15 సెంటీమీటర్ల స్కేలును గట్టు మీద నిలబెట్టండి. ఛాతీకి లంబంగా కాదు, నేలకు నిలువుగా. 45 డిగ్రీల వాలులో ఛాతీకి లంబంగా పట్టుకుంటే కొలత దారి తప్పుతుంది, కిటికీ చట్రం అంచుతో సరిచూసుకోండి. ఇంకో స్కేలునో అట్టముక్కనో అల కొన నుంచి అడ్డంగా, నేలకు సమాంతరంగా చాపండి. రెండూ కలిసేచోట అంకె చదవండి. మామూలు ఊపిరి వదిలిన చివర చదవాలి.

పొట్ట నొక్కి చూడడం

మెడ అంచు దగ్గర ఊగిసలాడుతున్నప్పుడు ఇంత తేలికైన, ఇంత ఉపయోగపడే పరీక్ష ఇంకొకటి లేదు. 1885లో విలియం పాశ్చర్ దీన్ని మొదట వర్ణించాడు. కాలేయం మీద నొక్కాలన్న పాత పేరు వల్ల చాలామంది కుడి పక్కటెముకల కింద పొడుస్తారు. వాచిన కాలేయం నొప్పి పెడుతుంది, మనిషి ఊపిరి బిగబడతాడు, మట్టం ఎక్కుతుంది, పరీక్ష పాడవుతుంది. నొక్కాల్సింది బొడ్డు దగ్గర, పొట్ట నడిమధ్య. ముందుగా ఒకసారి ఉత్తినే చెయ్యి పెట్టి అలవాటు చెయ్యండి.

ఎంత గట్టిగా? సగం నింపిన బీపీ కఫ్‌ను అరచేతికీ పొట్టకూ మధ్య పెట్టి, డయల్ 20 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య నిలిచేట్టు నొక్కండి. రెండు మూడుసార్లు అలా చేస్తే చేతికి లెక్క తెలుస్తుంది, తర్వాత కఫ్ అక్కర్లేదు. 10 నుంచి 15 సెకన్లు పట్టి ఉంచండి. మామూలు మనిషిలో మట్టం ఒకటి రెండు గుండె చప్పుళ్లకు ఎక్కి, నొక్కి ఉండగానే దిగిపోతుంది. హార్ట్ ఫెయిల్యూర్‌లో 3, 4 సెంటీమీటర్లు ఎక్కి, నొక్కినంతసేపూ అక్కడే ఉండి, చెయ్యి తీయగానే టక్కున పడుతుంది. ఆ పడిపోవడమే చూడడానికి తేలిక. ఎక్కడం గమనించలేకపోయినా పడడం కళ్లకు కడుతుంది.

ఆయాసంతో వచ్చిన మనిషిలో ఇది పాజిటివ్ అయితే ఎడమ గుండె నిండే ఒత్తిడి కూడా 15 మిల్లీమీటర్లకు పైన ఉండే అవకాశం ఎక్కువ. కుడి జఠరిక బలహీనత, పెరికార్డియం (గుండె చుట్టూ ఉండే పొర) బిగుసుకున్న జబ్బు కూడా దీన్ని పాజిటివ్ చేస్తాయి. కడుపునొప్పితో పొట్ట బిర్రబిగిసి ఉన్నవాళ్లలో చెయ్యొద్దు.

చేతి సిరలు, ఎకో, రక్త పరీక్ష

మెడ అసలు పనికిరానప్పుడు, అంటే మెడ మరీ పొట్టిగానో కాలిన మచ్చలతోనో ఉంటే, లేదా సెంట్రల్ లైన్ వేసి బ్యాండేజీ చుట్టి ఉంటే, చేతి వెనక సిరల వైపు చూడొచ్చు. చేతిని కిందనుంచి మెల్లగా పైకి లేపుతూ, సిరలు ఏ ఎత్తులో ఖాళీ అవుతాయో గట్టుతో పోల్చండి. చలికి బిగుసుకున్న చేయి, డయాలసిస్ ఫిస్టులా ఉన్న చేయి ఎందుకూ పనికిరావు. ఇది చివరి ఎంపిక.

చేతిలో ఇమిడే అల్ట్రాసౌండ్ ఉంటే దాన్ని మెడ మీద పెట్టడం మంచి ఆలోచన. లీనియర్ ప్రోబ్‌ను కాలర్ ఎముక దగ్గర అడ్డంగా పెట్టి, పైకి జరుపుతూ, సిర ఏ ఎత్తులో ముడుచుకుంటుందో చూడండి. జెల్ దండిగా, చెయ్యి తేలిగ్గా ఉండాలి. ప్రోబ్ నొక్కితే సిర మీ చేతి కిందే మూసుకుపోతుంది, పెరిగిన ఒత్తిడి తక్కువగా కనబడుతుంది. పొట్ట మీదనుంచి ఇన్ఫీరియర్ వీనా కావా (కింది భాగం రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర) చూసేవాళ్లకు లెక్క ఇది: 2.1 సెంటీమీటర్లు లేదా అంతకు తక్కువ ఉండి, ముక్కుతో గట్టిగా గాలి పీల్చినప్పుడు సగానికి పైగా ముడుచుకుంటే కర్ణిక ఒత్తిడి సుమారు 3 మిల్లీమీటర్లు. అంతకంటే లావుగా ఉండి సగం కూడా ముడవకపోతే 15. ఈ రెండింటి మధ్య 8. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు.

ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అన్న రక్త పరీక్ష (గుండె మీద భారం పడితే పెరిగేది) మెడకు పోటీ కాదు, వేరే ప్రశ్నకు జవాబు. అత్యవసరంగా ఆయాసంతో వచ్చినప్పుడు మిల్లీలీటరుకు 300 పికోగ్రాముల లోపు ఉంటే హార్ట్ ఫెయిల్యూర్ దాదాపు కాదు. ఓపీలో మెల్లగా వచ్చిన లక్షణాలకు 125 లోపు. కాదనడానికి అది బలం. మెడ అవుననడానికి బలం: సిర నిజంగా ఎక్కి కనబడితే గుండె వైపు గట్టిగా వేలు చూపుతుంది, కనబడనంత మాత్రాన గుండెను వదిలేయడానికి లేదు. కిడ్నీ జబ్బు, వయసు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు లయ తప్పి కొట్టుకోవడం) ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని పెంచుతాయి, ఒళ్లు లావుగా ఉన్నవాళ్లలో అది తక్కువ వస్తుంది. పైగా ఇవాళ రెండు ఇంజెక్షన్లకు సాయంత్రానికి నీరు ఎంత తగ్గిందో అది చెప్పదు, మెడ చెబుతుంది. మెడ చూస్తే పేషెంట్ జేబులోంచి డబ్బు పోదు.

2001లో ప్రచురితమైన ఒక విశ్లేషణలో, 2,500కు పైగా హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లలో, మెడ సిర పెరిగి ఉన్నవాళ్లు మళ్లీ ఆసుపత్రిలో చేరడం, చనిపోవడం ఎక్కువని తేలింది. మిగతా లక్షణాలన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా. అందుకే డిశ్చార్జి రోజున బరువు రాసినట్టే మెడ మట్టమూ రాయాలి. బరువు తగ్గి, కాళ్లు సన్నబడి, మెడ మాత్రం ఇంకా 6 సెంటీమీటర్లలో ఉంటే ఆ మనిషి ఇంటికి వెళ్లడానికి ఇంకా సిద్ధంగా లేడు.

తడబడేచోట్లు

కాళ్ల వాపు, ఖాళీ మెడ. ఇది మన ఓపీల్లో నిత్యం కనబడే జంట. పేషెంట్ బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నాడేమో చూడండి, ఆ మాత్రకే కాళ్లు వాయొచ్చు. మూత్రంలో ప్రోటీన్, కాలేయం, రక్తహీనత చూడండి. మెడ ఖాళీగా ఉన్నప్పుడు వాపు కోసం ఫ్యూరోసిమైడ్ పెంచితే నష్టపోయేది కిడ్నీ.

ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు. ఏళ్ల తరబడి బీడీ తాగినవాళ్లు, కట్టెల పొయ్యి ముందు వంట చేసిన ఆడవాళ్లు, కడప వైపు నాపరాయి పాలిష్ పట్టిన కూలీలు. ఊపిరి బలవంతంగా వదిలేటప్పుడు వాళ్ల మెడ సిరలు నిండుతాయి, పీల్చేటప్పుడు ఖాళీ అవుతాయి. ఊపిరి వదిలినప్పుడు మాత్రమే చూస్తే హార్ట్ ఫెయిల్యూర్ అని మోసపోతాం. పీల్చినప్పుడు కూడా సిర నిండుగానే ఉంటే అప్పుడు కుడి గుండె మీద భారం పడిందని అర్థం.

పీల్చినప్పుడు మట్టం దిగకుండా పైకి ఎక్కితే అది కుస్మాల్ గుర్తు. టీబీ ఇంకా తగ్గని మన దగ్గర, ఇలాంటి మెడతో పాటు పొట్ట నీరు ఎక్కువ, కాళ్ల వాపు తక్కువ ఉన్నవాళ్లను "లివర్ జబ్బు" అని పంపేయకముందు పెరికార్డియం బిగుసుకుందేమో ఆలోచించాలి. లివర్ జబ్బు మనిషి మెడ సాధారణంగా ఎక్కదు. ఈ ఒక్క తేడా కోసమైనా పొట్ట నీరున్న ప్రతి మనిషి మెడ చూడాలి.

రుమాటిక్ కవాట జబ్బులో, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో జుగులార్ రెండు అలల్లో మొదటిది (కర్ణిక ముడుచుకున్నప్పుడు లేచే 'ఏ' అల) మాయమవుతుంది, రెండు తన్నులు ఒకటవుతాయి. ట్రైకస్పిడ్ లీకుంటే రెండోదైన 'వీ' అల పెద్దదవుతుంది, ఆ పెద్ద అల కొన దగ్గర చదివిన ఎత్తు సగటు ఒత్తిడి కంటే ఎక్కువ చూపిస్తుంది. అలాంటిచోట ఎత్తుతో పాటు "పెద్ద వీ అల" అని కూడా రాయండి.

ఛాతీనొప్పి, తక్కువ బీపీ, శుభ్రంగా ఉన్న ఊపిరితిత్తులు, ఎక్కిన మెడ. ఈ నాలుగూ కలిస్తే కుడి జఠరిక గుండెపోటు, గుండె చుట్టూ నీరు, ఊపిరితిత్తుల్లో గడ్డ అన్న మూడింటిలో ఒకటి కావచ్చు. ఈసీజీలో గుండె కింది గోడను చూపే లీడ్లలో మార్పులుంటే ఛాతీ కుడివైపు లీడ్లు కూడా తీయండి. నాలుక కింద నైట్రేట్ పెట్టొద్దు, బీపీ ఇంకా పడిపోతుంది. 108కి ఫోన్ చేసేటప్పుడే ఎక్కిన మెడ సంగతి రిఫరల్ చీటీలో రాయండి, పెద్దాసుపత్రిలో దిగేసరికి వాళ్లకు సగం దారి తెలిసి ఉంటుంది.

మరి ఏది ఎంచుకోవాలి

పీహెచ్‌సీలో, రద్దీలో: కూర్చోబెట్టి కాలర్ ఎముక పైన చూడండి. కనబడితే పెరిగింది. కనబడకపోతే వాల్చి చూడండి, అనుమానం తీరకపోతే పొట్ట నొక్కండి. వార్డులో రోజూ చూసే పేషెంట్‌కు: 45 డిగ్రీల్లో కుడి ఇంటర్నల్, రెండు స్కేళ్లు, ఉదయం బరువు చూసే వేళకే. ఇంటర్నల్ దొరకకపోతే ఖాళీ చేసి నింపి చూసిన ఎక్స్‌టర్నల్. అదీ దొరకకపోతే అల్ట్రాసౌండ్. ఇంటి దగ్గర మంచం మీద ఉన్న పెద్దవాళ్లకు: కూర్చోబెట్టి ఒకసారి, వాల్చి ఒకసారి, చేతిలో టార్చి తప్ప ఏమీ అక్కర్లేదు.

కేసుషీటులో ఇలా ఉంటే తర్వాతి డ్యూటీవాళ్లకు ఏ ప్రశ్నా మిగలదు: "జేవీపీ, 45 డిగ్రీలు, కుడి ఇంటర్నల్, గట్టుకు పైన 6 సెం.మీ., ఊపిరి పీల్చినప్పుడు దిగుతోంది, పొట్ట నొక్కితే 4 సెం.మీ. ఎక్కి నిలిచింది, ఉదయం 7 గంటలు." దొరకకపోతే అది కూడా అంతే వివరంగా: "45లోనూ 90లోనూ వెతికాం, కుడి ఇంటర్నల్ కనబడలేదు, ఎక్స్‌టర్నల్ ఊపిరితో మారలేదు, మట్టం చెప్పలేం, అల్ట్రాసౌండ్ అడిగాం."